తలుపు మీద సొట్ట

టురిన్‌లో సాన్ పావ్లో పేటవాళ్ళకి ఎవాసియో బెర్తొలోనె పేరు చెబితే మనిషి కన్నా ముందు అతని కుడిచెయ్యి గుర్తొస్తుంది. పదమూడో ఏట కార్ల బాడీలు కట్టే వర్క్‌షాపులో చేరాడు. నలభై నాలుగేళ్ళు ఇనప రేకుని కర్ర అచ్చు మీద పెట్టి సుత్తితో సాగగొట్టాడు. రేకు కొట్టడం ఒక ఎత్తు, కొట్టాక చూడడం ఒక ఎత్తు. వాళ్ళు కంటితో చూడరు. కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతారు. వెంట్రుకంత సొట్ట ఉన్నా చేతికి తగులుతుంది. తగిలిందా, పెద్దమేస్త్రీ సుద్దముక్కతో దాని చుట్టూ సున్న గీసి, అందరూ చూసేలా రోజంతా అలాగే ఉంచుతాడు. తన రేకు మీద సుద్ద పడ్డవాడికి ఆ రోజు అన్నం సహించదు. ఎవాసియో రేకు మీద చివరి ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా సుద్ద పడలేదు.

ఆ అలవాటు ఒంట్లోకి ఇంకిపోయింది. వీధిలో ఎవరి కారు ఆగి ఉన్నా పక్కనుంచి నిమరకుండా వెళ్ళేవాడు కాదు. "ఇంకెందుకు, ముద్దు కూడా పెట్టు!" అని కాఫీకొట్టు వాళ్ళు కేకలేసేవాళ్ళు. ఇంత చేసీ తనకి కారు లేదు, సైకిలే.

ఆ వర్క్‌షాపులో కింద సుత్తుల మోత, పైన బొమ్మలు గీసేవాళ్ళ గది. మధ్యలో పందొమ్మిది మెట్లు. పైవాళ్ళు కిందకి దిగేవారు గానీ కిందివాడు పైకి ఎక్కింది లేదు. వయసులో ఉండగా ఎవాసియో నాలుగు చలికాలాలు సాయంత్రం బడికెళ్ళి డ్రాయింగు నేర్చుకున్నాడు. ఒకనాడు తను గీసిన కారు బొమ్మ తీసుకెళ్ళి పైగది పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన చూసి, మంచిగానే నవ్వి, "నీ చెయ్యి బంగారం, ఎవాసియో. దాన్ని కిందే ఉండనీ" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు.

అందుకే కూతురు నీవెస్ చిన్నప్పుడు పాలు కాచే గిన్నె మూత అచ్చుగా పెట్టి బొగ్గుతో కారు చక్రాలు గీసిన నాడే, ఈ పిల్ల పైగదికి ఎక్కాలని అతను నిర్ణయించేశాడు. తల్లి పియెరీనా పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడే పోయింది. ఏ బడిలో వెయ్యాలి, ఏం నేర్పించాలి అన్నదంతా తండ్రే కనుక్కున్నాడు. పద్నాలుగో ఏట యంత్రాల డ్రాయింగు నేర్పే బడి, అయిదేళ్ళు. క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. తరవాత రెండేళ్ళు ఒక అచ్చుల కొట్లో, కర్రా ప్లాస్టరూ చేతికి అలవాటు కావాలని. ఆపైన రెండేళ్ళు మిఠాయికొట్లో అమ్ముతూ, సాయంత్రాలు బొమ్మలు గీస్తూ. ఇదంతా ఊళ్ళో కార్ల రూపకల్పన నేర్పే స్కూలు కోసం. ఏడాదికి పన్నెండు మందిని తీసుకుంటారు. ఒక్కరికే ఫీజు లేదు, ఆ ఒక్క చోటైతేనే నీవెస్ చదవగలదు. ఇరవై మూడు దాటితే దరఖాస్తే తీసుకోరు. ఆమెకి అప్పటికి ఇరవై మూడు.

"కారు నడపడం రాని పిల్ల కారు గీస్తుందిట!" అనేది కింద వాటాలో ఉండే తెక్లా. ఆ ఇంటి మెట్లూ గేటూ ఉత్తరాలూ చూసుకునే మనిషి, అందరి సంగతులూ ఆవిడకే కావాలి.

"కోడి గుడ్డు పెడుతుంది గానీ వండుతుందా అత్తా?" అనేది నీవెస్.

"చూడు దీని నోరు! ఎవాసియో, వింటున్నావా?"

"నోరు వాళ్ళమ్మది. చెయ్యి నాది" అనేవాడతను, మురిసిపోతూ.

స్కూలువాళ్ళు అడిగింది ఇరవై బొమ్మలు, దాంతోపాటు మేజా మీద పట్టేంత ప్లాస్టర్ నమూనా ఒకటి. ఇదంతా నా ఒక్కదాని చేతి పనే అని సంతకం పెట్టాలి. నీవెస్ వంటగది కిటికీ కింద మేజా మీద మూడు నెలలు పనిచేసింది. ఆ మూడు నెలలూ తండ్రీకూతుళ్ళు పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

"నాన్నా, నువ్వు మాత్రం ముట్టుకోకు. సంతకం పెట్టాను."

"నేనెందుకు ముట్టుకుంటాను? నాకేం పనిలేదా?"

నిజానికి పనిలేదు. ఆ ఏడు జనవరిలోనే రిటైరయ్యాడు.

శనివారానికి నమూనా అయిపోయింది. నీవెస్ దానికి పాత దుప్పటి చుట్టి నాలుగు ముళ్ళు వేసింది. సోమవారం పొద్దున ఇవ్వాలి. ఆదివారం పొద్దున్నే మిఠాయికొట్టుకి వెళ్ళిపోయింది. ఎవాసియో కాఫీ తాగాడు, పేపరు చూశాడు, కిటికీ తుడిచాడు. పది గంటలకి ముళ్ళు విప్పాడు. చూడ్డానికే. ఎంత బాగుందో! ముందు భాగం వంపు చూసి కళ్ళనీళ్ళు తిరిగాయి. చూసీ చూసీ, చెయ్యి దానంతటదే వెళ్ళింది. కళ్ళు మూసుకున్నాడు. మూతి మీంచి, చక్రం పైనుంచి, తలుపు మీదకొచ్చేసరికి చెయ్యి కిందకి జారింది.

సొట్ట.

మళ్ళీ నిమిరాడు. సొట్టే. తలుపు పొడుగునా, పల్చగా. రెండో పక్కా అంతే. పిల్ల అలిసిపోయి, తొందరలో, చూసుకోలేదు. రేపు ఆ పంతుళ్ళు చెయ్యి వేస్తారు, సుద్ద గీస్తారు, అంతే సంగతులు. మిఠాయికొట్టుకి పరుగెత్తి చెబుదామా? పిల్ల హడలిపోతుంది. బొమ్మలు పక్కనే అట్టపెట్టెలో ఉన్నాయి. అవి తీసి చూడాలని అతనికి తోచనే లేదు. తన పనిలో చెయ్యి చెప్పాక కాగితం చూసేవాడెవడు?

ప్లాస్టర్ కలిపాడు. నింపాడు. రేకుతో గీకి, ఉప్పుకాగితం పట్టి, చివరికి వేలిగోరుతో తడిమాడు. తెలుపు మీద తెలుపు, దేవుడు కూడా కనిపెట్టలేడు. పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టాడు. ఆ నాలుగు ముళ్ళూ మళ్ళీ అలాగే వేశాడు. సీటు వచ్చాక చెప్పి నవ్విద్దాం అనుకున్నాడు.

సోమవారం కూరలబండి వాణ్ణి బతిమాలి నమూనా ఎక్కించారు, నీవెస్ వెంట వెళ్ళింది. సాయంత్రం నీవెస్ తిరిగొచ్చి చారు గిన్నె ముందు కూచుంది. మొహం తెల్లగా ఉంది.

"ఏమన్నారు?"

"చూశారు."

"చెయ్యి వేసి చూశారా?"

"వేశారు నాన్నా." చారు గిన్నె పక్కకి జరిపి లేచిపోయింది. అలసట అనుకున్నాడు.

జులైలో ఉత్తరం తెక్లా పైకి తెచ్చింది. ఇచ్చి కిందకి పోతుందా? గుమ్మంలోనే నిలబడింది. "విప్పవయ్యా, చల్లారిపోతుంది!" నీవెస్ ఇంట్లో లేదు. పేరు ఆమెదే అయినా ఎవాసియో ఆగలేక విప్పాడు. గొంతెత్తి మొదలుపెట్టి మూడో వాక్యానికి గొంతు దించేశాడు. బొమ్మలు అందరిలోకీ మొదటివిట. ముఖ్యంగా తలుపు పొడుగునా గీసిన పల్లం, ఆ నీడ వల్లే బండి నిలబడ్డా కదులుతున్నట్టుందిట. కాని నమూనాలో ఆ పల్లం లేదు. గీసినదాన్ని చేసి చూపే ధైర్యం అభ్యర్థికి చాలలేదు. పని నునుపు చాలా మెచ్చదగ్గది, మంచి పనివారి చెయ్యి. సీటు ఇవ్వలేం.

"ఏమైంది? ఎవాసియో? తిట్టారా?" అంది తెక్లా.

"రాలేదు" అన్నాడు. ఆవిడ జీవితంలో మొదటిసారి ఇంకో ప్రశ్న అడక్కుండా కిందకి దిగిపోయింది.

మర్నాడు గడ్డం గీసుకుని, కోటు వేసుకుని స్కూలుకి వెళ్ళాడు. దరఖాస్తులు తీసుకునే కిటికీలో కూచున్న ఆడమనిషిని అడిగాడు.

"ఒకవేళ, అమ్మా, ఒక పిల్ల నమూనా మీద ఇంకొకరి చెయ్యి పడిందనుకో. పిల్లకి తెలీకుండా. వచ్చి చెబితే మళ్ళీ చూస్తారా?"

"చూడటమా? దరఖాస్తే కొట్టేస్తాం. అబద్ధపు సంతకం పెట్టిందని రాసి ఊళ్ళో ప్రతి వర్క్‌షాపుకీ పంపుతాం. ఎవరా పిల్ల?"

ఎవాసియో టోపీ చేతిలో తిప్పాడు. "ఎవరూ లేరు. ఊరికే అడిగాను."

ఇంటికొచ్చేసరికి నీవెస్ ఉత్తరం చదువుతోంది.

"నేనే" అన్నాడు నిలబడే.

"తెలుసు. దుప్పటి విప్పగానే తెలిసింది. ఊళ్ళో అంత నున్నగా ఇంకెవరు చేస్తారు?"

"మరి అక్కడే వాళ్ళకి చెప్పలేదేం?"

"'ఇది నువ్వే చేశావా' అనడిగారు. నేనే అన్నాను. నువ్వని చెబితే ఏమయ్యేది? నేనూ పోయేదాన్ని, నీ పేరూ పోయేది."

"తిట్టు తల్లీ. ఒక్క మాటైనా తిట్టు."

"ఏమని తిట్టను నాన్నా? సొట్ట కనబడితే బాగుచేశావు." ఉత్తరం మడుస్తూ అంది, "మూడు నెలలు పట్టింది నాకది."

సెప్టెంబరులో నీవెస్ కారు దీపాల ఫ్యాక్టరీలో డ్రాయింగు పనికి చేరింది. వెనకదీపం అద్దం బిగించే మరమేకుల చోట్లు గీస్తుంది. ఆ నెలాఖరుకే స్కూలువాళ్ళు నమూనా తిప్పి పంపారు. పారేద్దామంది. ఎవాసియో ఒప్పుకోలేదు. మేజా మీద పెట్టి, గీకుడు రేకు తీసుకుని, కిటికీ వెలుతురుకి తిప్పాడు.

"నేను పోసింది నేనే తీసేస్తాను. ఎక్కణ్ణించి ఎక్కడిదాకానో చెప్పు."

నీవెస్ పెన్సిలుతో గీత గీసింది. అతను గీకాడు. కాని ప్లాస్టర్ ప్లాస్టర్‌ని పట్టేసింది, ఏది ఆమెదో ఏది అతనిదో తెలియదు. తెల్లటి పొడి రాలుతూనే ఉంది. నిమిరాడు, ఇంకొంచెం గీకాడు.

"ఇంత లోతా?"

ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది. పక్కకి వెళ్ళి చూసింది. తన బొమ్మ తీసి పక్కన పెట్టి చూసింది.

"ఇంతేనా తల్లీ? ఇంకానా?"

"ఏమో నాన్నా" అంది నీవెస్. "గుర్తు రావడం లేదు."