నా ఒంటి సంగతి

నా చిన్నప్పుడు ఆడపిల్ల పెద్దమనిషైతే ఊరందరికీ తెలిసేది. కాకపోతే ఇంకా బాగా తెలిసేది. బోగోలు దగ్గర మా ఊళ్లో నాకు పదహారేళ్లు నిండినా ఆ కబురు రాలేదు. పెద్దమనిషైన పిల్లకు పెట్టే చిమ్మిలి కోసం మా నాయనమ్మ దాచిన నువ్వులకు పురుగు పట్టింది. వీధిలో ఆడవాళ్లు నా ముఖం మానేసి నడుము కింద చూసేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గజ్జల్లో గడ్డలాంటిది తగులుతుంటే మా నాన్న, మేనత్త నన్ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం తీసి మద్రాసు పంపారు. ఒక మాటైనా చెప్పకుండా దుప్పటి తీసి, డాక్టరీ చదివే పిల్లలను పిలిచి చూపించారు. వాళ్లలో ఒక్కరూ నా పేరు అడగలేదు. రిపోర్టు వచ్చిన రోజు పెద్ద డాక్టరు మా వాళ్లిద్దరినీ గదిలోకి పిలిచి, నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నాడు.

కాసేపటికి మేనత్త తలుపు తోసుకుని వచ్చి నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

"కోసేది ఈ బిడ్డను గదా సార్. దీనికి గడ్డ తీస్తామని అబద్ధం చెప్పమంటే ఎట్టా?"

"తెలిస్తే ఏ అఘాయిత్యమో చేసుకుంటుందమ్మా."

"తెలీకుండా కోస్తే చేసుకోదా? మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మా నాన్న తల దించుకున్నాడు. డాక్టరు గోడవైపు చూస్తూ చెప్పాడు. నాకు గర్భసంచి లేదట. గజ్జల్లో ఉన్నవి మగవాళ్లకుండే బీజాలట. వాటి హార్మోను మాట నా ఒళ్లు వినదు కాబట్టి ఆడపిల్లగానే పెరిగానట. ముందుముందు వాటికి క్యాన్సర్ రావచ్చు, తీసేస్తే జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. అంత తొందరుందా అని నేనే అడిగాను. లేదన్నాడు. లేని తొందరకు మర్నాటికే కత్తి సిద్ధం చేసి పెట్టాడు మహానుభావుడు! ఆ ఆపరేషన్ చాలా ఏళ్ల తర్వాత, అన్నీ తెలుసుకుని, నా సంతకంతో చేయించుకున్నాను.

ఆ రోజు మాత్రం కోయించుకోకుండానే ఇంటికొచ్చి కుళ్లి కుళ్లి ఏడ్చాను. మేనత్త ఓదార్చలేదు. కొత్త నువ్వులు తెచ్చి, బెల్లం వేసి దంచి, వీధంతా చూస్తుండగా అరుగు మీద నా చేతిలో చిమ్మిలి ఉండ పెట్టింది.

"తినవే. ఇది ఒంటికి బలం కోసం పెట్టేది, ఊరికి చెప్పేదానికి గాదు."

చూసినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఆమె వాళ్లకేసి కూడా చూడలేదు. నేను ఉండ మొత్తం తిన్నాను.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు వెళ్తే, డాక్టర్లు నా ఎదుటే మా తమ్ముడి కొడుకువైపు తిరిగి "ఈవిడకు..." అని మొదలుపెడతారు. మోకాళ్లు నావి, నాతో చెప్పండి అంటాను. గొంతు కాస్త పెద్దగానే వస్తుంది. తగ్గించను.