తిట్లు మానేసిన యేసేపు

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద గ్యాస్ వెల్డింగ్ చేసే యేసేపు నోరు మాత్రం ఊరుకుంది. అదే జనానికి వింతైపోయింది. అబ్బబ్బ, ఏం నోరండీ అది! సైకిలు తెచ్చిన వాణ్ణి తిట్టేవాడు, బిందెకు చిల్లి పడిందని వచ్చినావిడనూ తిట్టేవాడు. "అవి సేతులా, రోకళ్లా?" అనేవాడు. తిడుతూనే పని గట్టిగా చేసి ఇచ్చేవాడు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోయి, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

తమ్ముడు ఈరేష్ పోయినప్పటి నుంచి ఆ నోరు మూతపడింది. ఈరేష్ గాజులదిన్నె డ్యాములో చేపలు పట్టేవాడు. ఎండకు తట్టుకోలేక పడవ మీద నాలుగు అల్యూమినియం కాళ్లు నిలిపి రేకు కప్పు వేసుకున్నాడు. మొన్న వేసవి గాలివానకు ఒక కాలు విరిగి, కప్పు కూలి తలకు తగిలింది. మనిషి నీళ్లలో పడ్డాడు, మరి లేవలేదు.

భూస్థాపన నాడు వాడకట్టంతా ఏడ్చింది. యేసేపు ఏడవలేదు. పెట్టె దింపేటప్పుడు తాళ్లు సరిగ్గా పట్టుకున్నారా లేదా అని చూశాడంతే. "మనిషి కాదప్పా, రాయి" అన్నారు. ఆయనకూ అలాగే అనిపించింది. అన్నం తింటే రుచి తెలియదు. మంట ముందు కూర్చుంటే సెగ తెలియదు. ఎవడు ఏ వస్తువును ఎంత పాడుచేసి తెచ్చినా కోపం రాదు. కోపమే రానివాడికి ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకరోజు ఈరేష్ భార్య సుంకమ్మ ఆటోలో ఆ నాలుగు కాళ్లూ వేసుకుని షాపుకు వచ్చింది.

"బావా, ఇవి బాగుచేసియ్యి. ఇంగ పడవ నేనే తోలుకుంటా."

"నీకు సేతనవుతాదా అమ్మా?"

"ఆయప్పతో పాటు వల లాగినదాన్నే గదా. ఊరికే కూర్చుంటే పిల్లోల్లకు కూడెవరు పెడతారు?"

ఈ కాళ్లు మళ్లీ విరిగితే సుంకమ్మ కూడా ఆ నీళ్లలోనే పోతుంది. ఆ సంగతి యేసేపు బుర్రకు తెలుసు, గుండెకే తెలియడం లేదు. విరిగిన కాలు చేతిలోకి తీసుకున్నాడు. విరిగిన చోట సైకిలు ట్యూబు చుట్టి ఉంది. ట్యూబు విప్పితే గొట్టం లోపల వెదురు ముక్క కనిపించింది.

"ఇదేందమ్మా?"

సుంకమ్మ తల వంచుకుంది. "ఉగాదికి ముందే బీట ఇచ్చింది బావా. ఆయప్పే కట్టె దూర్చి, ట్యూబు సుట్టినాడు."

"నా కాడికి ఎందుకు తేలేదు?"

"తడి వలలు ఆ కప్పు కింది అడ్డకమ్మీ మీదనే యాలాడదీస్తా ఉన్న్యాడు. బరువుకు కాళ్లు పగుల్తాయి, ఒద్దని నువ్వు సెప్పింటివి గదా. 'అన్న తిడతాడు, ఇంగో దినం పోదాంలే' అనేటోడు."

యేసేపు వెదురు ముక్కను పక్కన పెట్టాడు. గుండెలో ఎక్కడో పిడుగు పడాల్సింది, పడలేదు. చేయి తన పని తాను చేసుకుపోయింది. విరిగిన కాలు పనికిరాదని కొత్త గొట్టం తెచ్చాడు. మిగతా మూడింటిలో సన్నని బీటలున్నాయి. బీట ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేశాడు. పైన సబ్బు రుద్ది మంట చూపాడు. ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం చెప్పదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. అందుకే సబ్బు నల్లబడగానే అతుకు కడ్డీ ఆనించాలి. ఏ అతుకూ తప్పలేదు.

మర్నాడు డ్యాము దగ్గర ఇద్దరూ కప్పు నిలబెట్టారు. అతికినవాడే వేలాడి చూపాలని యేసేపు నాయన పెట్టిన ఆనవాయితీ. యేసేపు కప్పు కింది అడ్డకమ్మీ పట్టుకుని కాళ్లు పైకి ముడుచుకున్నాడు. పడవ ఊగింది కానీ కప్పు కాళ్లు కదల్లేదు.

"సాలు బావా, దిగు" అంది సుంకమ్మ. దిగాడు.

ఆమె గట్టు పక్కన వేసిన వల లాగింది. ఎప్పటి అలవాటో ఏమో, నీళ్లు కారుతున్న ఆ వలను తీసుకొచ్చి అడ్డకమ్మీ మీద వేసేసింది.

యేసేపు చూశాడు. ఎక్కడ దాక్కుందో ఆ నోరు, ఒక్కసారిగా తెరుచుకుంది.

"రేయ్ ఈరేషూ! ఎన్నిసార్లు సెప్పల్ల రా నీకు? తడి వల ఏస్తే పగలదా రా? పగిలితే నా కాడికి రావల్ల గదరా! తిడితే ఏమైతాది రా? తిట్టి, అతికిచ్చి పంపించేటోణ్ణి గదరా!"

గట్టు మీది వాళ్లందరూ తిరిగి చూశారు. యేసేపు పడవలో కూలబడి, కొత్తగా నిలబెట్టిన కాలును కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సుంకమ్మ వల తీసి పడవ అడుగున వేసింది. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"తిట్టు బావా, ఇంగా తిట్టు. బీట ఇస్తే నేను దాయనులే. నీ కాడికే వస్తా."