మూడిండ్ల క్యాలెండరు

ప్రతి డిసెంబరు ఆఖర్లో గౌరమ్మ ప్రొద్దుటూరు బజారులోని జయరామయ్య గుడ్డల అంగడికి పోయి మూడు క్యాలెండర్లు అడిగేది. చీరలు కొన్నవాళ్లకు ఆయన ఊరికే ఇచ్చే క్యాలెండర్లవి.

"ఇంటికి ఒగటే ఇస్తాండాం టీచరమ్మా," అనేవాడు జయరామయ్య.

"మాది మూడిండ్లప్పా," అనేది గౌరమ్మ. మొదట్లో ఆ మాట నవ్వుతూ చెప్పేది. 1960 డిసెంబరు నాటికి నవ్వడం మానేసింది.

ఆమె చెప్పింది నిజమే. గౌరమ్మ పులివెందులలో ఎలిమెంటరీ బడి టీచరు. భర్త నరసింహులు జమ్మలమడుగు బడిలో అయ్యవారు. ఇద్దరినీ ఒకే ఊరికి వేయమని అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నారు. ఒకరికి బదిలీ వస్తే రెండోవారికి రాదు. ఏడాదికో ఊరు తిప్పితే పిల్లల చదువులు పాడవుతాయని ప్రొద్దుటూరులో చిన్న ఇల్లు బాడుగకు తీసుకుని, ఇద్దరాడపిల్లల్నీ అక్కడ ఉంచారు. పెద్దది సులోచనకు పదమూడేళ్లు, చిన్నది సుభద్రకు ఏడు. వాళ్లను చూసుకునేది నరసింహులు అక్క పుల్లమ్మ. మొగుడు పోయి, పిల్లలు లేని మనిషి. "కొన్నాళ్లు ఉండక్కా" అని తమ్ముడు పిలిస్తే వచ్చింది. ఆ కొన్నాళ్లు ఆరేండ్లయ్యాయి.

1961 జనవరి ఒకటో తేదీ ఆదివారమే పడింది. మొగుడూ పెళ్లాలు ప్రొద్దుటూరు ఇంట్లో మూడు క్యాలెండర్లూ నేల మీద పరుచుకుని కూచున్నారు. గౌరమ్మది ఎర్ర పెన్సిలు, నరసింహులుది నీలం. ఒక ఆదివారం ఆమె పిల్లల దగ్గరికి రావాలి, మరో ఆదివారం ఆయన రావాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే వచ్చే వారం పిల్లలకు ఎవరూ ఉండరు కదా, అందుకని అట్లా పంచుకున్నారు. పరీక్షలు, ఫీజు కట్టే రోజులు, సుభద్ర చెవిపోటుకు డాక్టరుకు చూపించే రోజులు, అన్నీ గుర్తు పెట్టారు. ఒక క్యాలెండరు అక్కడి గోడకు తగిలించి, చెరొకటి చుట్టుకుని చెరో బస్సు ఎక్కారు. మార్పేదైనా ఉంటే రెండిండ్లకూ కార్డు రాయాలని నియమం.

ఏర్పాటు బాగానే నడిచింది. నడిపే మనుషులే అలిసిపోయారు. శనివారం బడి వదలగానే గౌరమ్మ సంచి భుజాన వేసుకుని బస్టాండుకు పోయేది. ముద్దనూరులో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఆ రెండో బస్సులో సీటు దొరికిన రోజు నిద్రపోయేది, దొరకని రోజు కడ్డీ పట్టుకుని నిలబడే తూగేది. ఆదివారం పిల్లల తలలంటి, జడలేసి, పుస్తకాలకు అట్టలేసి, మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ బస్సు. సోమవారం బోర్డు ముందు నిలబడితే తాను చెప్పేది రెండో ఎక్కమో మూడో ఎక్కమో తనకే తెలిసేది కాదు.

పులివెందులలో ఆమె ఉండేది అమీనాబీ ఇంటి వసారాగదిలో. అమీనాబీ ఒకనాడు వక్కాకు నములుతూ గోడ మీది క్యాలెండరును తేరిపార చూసింది.

"ఏంది టీచరమ్మా, ఈ ఎర్రగీతలు?"

"నేను పిల్లోల్ల కాడికి పోయే దినాలు."

"ఈ నీలంవి?"

"ఆయన పోయే దినాలు."

"మరి సారు నీకాడికి వచ్చే దినం యాది?"

గౌరమ్మ లేచి గోడ దగ్గరికి పోయింది. జనవరి నుంచి డిసెంబరు దాకా కాగితాలు తిప్పి చూసింది. దసరా సెలవుల్లో, వేసవి సెలవుల్లో తప్ప ఇద్దరూ ఒకచోట ఉండే రోజు ఒక్కటీ లేదు. ఉత్తరాలు కూడా పొట్టిగా అయిపోయాయి. "పదిహేను నాకు ఇనస్పెక్షను, పదహారు మీరు పోండి." "సరే. ఇరవై మూడు నీది." అంతే. ఎట్లున్నావు అన్న మాట రాసి ఎన్నాళ్లయిందో ఆమెకే జ్ఞాపకం లేదు. అందుకు ఆయన మీద కోపమూ రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

ఆగస్టు ఇరవై ఎర్రగీత ఆదివారం, గౌరమ్మ వంతు. శనివారం పొద్దు గూకే వేళకు గౌరమ్మ ప్రొద్దుటూరు చేరేసరికి నరసింహులు వసారాలో కూచుని కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని బిత్తరపోయారు.

"నువ్వు రాలేవని కార్డు వచ్చిందే," అన్నాడాయన.

"నేను రాయలేదే."

నరసింహులు జేబులోంచి కార్డు తీశాడు. చేతిరాత సులోచనది. ఆ పిల్ల వాకిట్లో నిలబడి మేనత్త వైపు చూసింది.

"అత్త చెప్పింది, నేను రాసినా," అంది.

పుల్లమ్మ పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. "ముందు అన్నం తినండి. శానా దూరం వచ్చినారు. రేపు మాట్లాడుకుందాం," అంది.

మరుసటి రోజు పిల్లలు తిని పక్కింటికి పోయాక పుల్లమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూచుంది. మోకాళ్లకు నూనెగుడ్డలు కట్టి ఉన్నాయి. అవి ఎప్పటినుంచి కట్టుకుంటోందో గౌరమ్మకు తెలియలేదు.

"మీ ఇద్దరినీ ఒగసారి చూడల్లని అబద్ధం రాయించినా. తప్పే," అంది పుల్లమ్మ. "గౌరమ్మకు చెప్తే, ఆయన్ను అడిగి చెప్తా వదినా అంటాది. నరసిమ్ముడికి చెప్తే, ఆమెకు కార్డు రాస్తాలేక్కా అంటాడు. ఆరేండ్లనుంచీ ఇదే. నాకు చాతకావడం లేదురా. బోరింగు కాడినుంచి బిందె ఎత్తలేకపోతాండా."

నరసింహులు గబుక్కున లేచి గోడ దగ్గరికి పోయాడు. చెవి సందున పెన్సిలు ఉండనే ఉంది. "అట్లయితే అక్కా, సెప్టెంబరు మూడునుంచి..." అంటూ కాగితం ఎత్తాడు.

"ఆ పెన్సలు కింద పెట్టప్పా," అంది పుల్లమ్మ. గొంతు పెంచలేదు. "అందులో నీ దినాలుండాయి, ఆమె దినాలుండాయి. చిన్నదాని చెవికి కూడా దినముండాది. నాదొగటి చూపించు."

నరసింహులు కాగితం వదిలేశాడు. గౌరమ్మ తల వంచుకుంది. లోకంలో అలిసిపోయింది తానొక్కతేననుకుంటూ ఇన్నేండ్లూ బస్సుల్లో తిరిగింది. ప్రతి రెండు వారాల్లో తాను ఇంట్లో లేని పదమూడు రోజులూ ఆ ఇంట్లో ఎవరో ఒకరు పొయ్యి ఊదుతూనే ఉన్నారన్న సంగతి ఆమె మనసుకు ఎక్కనే లేదు.

"యాడికి పోవల్లని ఉండాది వదినా?" అని అడిగింది చివరికి.

"పెండ్లిమర్రికి. మా చిన్నాయన కూతురు రమ్మంటాంది. శ్రావణ శనివారం గండికి పోయి ఆంజనేయసామిని చూసుకోని, ఆమె కాడ ఒక నెల పండుకుంటా. ఊరికే పండుకుంటా."

"పో వదినా. నేనుంటా," అంది గౌరమ్మ. మొగుణ్ణి అడగలేదు. ఆయన కూడా, నన్నడగవా అనలేదు.

ఆ ఏడాదికి మిగిలిన సెలవంతా పెట్టుకుంది. పరీక్షల ముందు వాడుకుందామని దాచుకున్న సెలవది. జీతం లేని సెలవు ఇంకొన్ని రోజులు కలిసింది. నరసింహులు జమ్మలమడుగు పోతూ పోతూ గడప దగ్గర నిలబడి, "నీకు ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న వినేసరికి గౌరమ్మకు ఏడుపొచ్చింది. "బాగుండా లెండి. బస్సు తప్పిపోతాది," అంది.

పుల్లమ్మ లేని ఇల్లు నడపడానికి క్యాలెండరు ఏ రకంగానూ ఉపయోగపడలేదు. చీకటితో లేచి బోరింగు దగ్గర వరసలో బిందె పెట్టాలని అందులో లేదు. పాలామె ఖాతూన్‌బీ పిలవదనీ, తలుపు తెరిచి లేకపోతే వెళ్లిపోతుందనీ లేదు. సుభద్రకు వేడన్నం పెడితే ఏడుస్తుందనీ, ఆరబెట్టి ముద్దలు చేసి పెట్టాలనీ లేదు. అన్నీ సులోచన చెప్పేది. "అత్త అట్ల చెయ్యదు మా," అనేది పదిసార్లు. పదమూడేళ్ల పిల్ల తనకు నేర్పుతుంటే గౌరమ్మ నేర్చుకుంది. నాలుగో రోజుకు నడుం పట్టేసింది. వారం తిరిగేసరికి చిన్నది అన్నం ముద్ద కోసం తల్లి వైపే నోరు తెరవడం మొదలుపెట్టింది.

నెలని పోయిన పుల్లమ్మ పద్దెనిమిదో రోజే తిరిగొచ్చింది. వాకిట్లో మూట దించి, అరుగు మీద కూలబడింది. గౌరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఇంకా దినాలుండాయి కదా వదినా?"

"ఆడ ఏమీ తోచలా."

"నొప్పి తగ్గిందా?"

"లేదు. నిద్ర మాత్రం పట్టింది," అంది పుల్లమ్మ.

వదినకు బరువు తగ్గాలని గౌరమ్మ సుభద్రను తనతో పులివెందుల తీసుకుపోయి తన బడిలోనే చేర్చుకుంది. చిన్నది మేనత్త కోసం నెల రోజులు ఏడ్చింది, తర్వాత అమీనాబీ వెనకాల తిరగడం మరిగింది. ప్రొద్దుటూరులో నీళ్లు మోయడానికి పక్కవీధి పీరాంబీని కుదిర్చారు. ఆదివారం నరసింహులు ఒకసారి ప్రొద్దుటూరు పోతే మరొకసారి పులివెందుల వచ్చేవాడు. వచ్చిన మొదటిసారి ఆయన చాప మీద పడుకున్నాడు. ఆమె పక్కన కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏరుతూ చాటను ఒళ్లో పెట్టుకునే కునికింది. లేచి చూసేసరికి రాళ్లన్నీ ఆయన ఏరి పెట్టి ఉన్నాడు.

ఇద్దరికీ జమ్మలమడుగుకే బదిలీ అయింది 1965లో. అప్పటికి సులోచన కాలేజీ చదువుకు వచ్చింది. పుల్లమ్మ వాళ్లతోనే ఉండిపోయింది, ఏటా శ్రావణంలో మాత్రం ఎవరినీ అడక్కుండా మూట కట్టుకుని పెండ్లిమర్రి పోయేది.