కాలువ మొదటి మడి

నా వల్ల ఒకామె పొలం పోయింది. నేను దుబాయ్‌లో ఉన్నాను, పొలం జావాలో ఉంది, మధ్యన సముద్రం ఉంది. అయినా పోగొట్టింది నేనే. ఈ మాట అంటే మా ఆయన ఒప్పుకోరు. "నువ్వేం చేశావే, అది వాళ్ల అన్నాచెల్లెళ్ల గొడవ" అంటారు. గొడవే జరిగి ఉంటే నాకీ బాధ ఉండేది కాదు. గొడవ పడటానికైనా ఆమె అక్కడ ఉండాలి కదా! వెళ్లనివ్వంది నేను.

2003లో మా పాపకు ఏడాది నిండేసరికి నాకు జెబెల్ అలీలో ఉద్యోగం దొరికింది. గోడౌన్లకు వచ్చే కంటైనర్ల కాగితాలు సరిచూసే పని. ఇల్లు డేరా అనే పేటలో. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఏడింటికి. పాపను చూసుకోవడానికి మనిషి కావాలని నలుగురికీ చెప్పి పెడితే ఆమె వచ్చింది. అంతకుముందు కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో నాలుగేళ్లు పని చేసింది. నాకన్నా ఐదారేళ్లు పెద్దది. పొట్టి మనిషి, ఇంట్లో తిరుగుతుంటే అడుగుల చప్పుడే వినిపించేది కాదు. అరబ్బీ బాగా, హిందీ సగం వచ్చు. మా పాప మాటలు నేర్చుకుంటుంటే తనూ పక్కన కూర్చుని తెలుగు నేర్చేసుకుంది. పాప ఆమెను అక్కా అని పిలిచేది. ఆమె నన్ను మేడమ్ అనేది. పెద్దదని తెలిసి కూడా నేను మాత్రం నువ్వు అనే పిలిచాను.

ఆమె వీసాకు కఫీల్, అంటే పూచీదారు, మా ఆయన. పాస్‌పోర్ట్ మా బీరువాలో, నా పట్టుచీరల కింద ఉండేది. మా బిల్డింగ్‌లో అందరూ అలాగే చేసేవాళ్లు. అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పని తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాది దివిసీమ. కాలువ కింద పుట్టి పెరిగిన దాన్ని, వరి గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదనే గర్వం ఉండేది. ఆమె ఊరి కబుర్లు విన్నాక కాస్త తగ్గింది. వాళ్ల ఊరు కొండ వాలున ఉంది. మడులు మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. నీళ్లందితే ఏడాదికి మూడు పంటలు పండే నేల. మా ఊళ్లోలాగే అక్కడా ఆడవాళ్లు వంగి వెనక్కి నడుస్తూ నాట్లేస్తారు. వాళ్ల అవ్వ కాలంలో కోతకు కొడవలి వాడేవారు కాదట. అరచేతిలో దాచుకునేంత చిన్న కత్తితో ఒక్కో కంకినీ విడిగా కోసేవారు. పెద్ద కత్తిని చూస్తే వరితల్లి బెదిరిపోతుందని. "మీరు ముస్లిములు కదా, మీకు వరితల్లేమిటి?" అని ఆట పట్టించేదాన్ని. "నమాజు అల్లాకి మేడమ్, అన్నం ఆమెకి" అని నవ్వేది.

ఆమె తండ్రికి మూడు ముక్కలుండేవి. తూము దగ్గర కాలువ మొదటి మడి, కింద మధ్యలో ఇంకొకటి, కొండ మీద నీళ్లెక్కని మెట్ట. ఇద్దరు అన్నలూ తాపీ పనికి పట్నం వెళ్లిపోతే తండ్రితో పాటు మొదటి మడి చేసింది ఆమే. పదిహేనేళ్లప్పుడు గట్టు మీద కూర్చుని అన్నం తింటుంటే "ఈ మడి నీది" అన్నాడట తండ్రి. కాగితం లేదు. ఆ ఊళ్లో అప్పటికి చాలా పొలాలకు కాగితాలు లేవు, పక్క మడివాళ్లకు తెలిస్తే చాలు. భర్త వదిలేసి వెళ్లాడు. కూతురు పెద్దన్న ఇంట్లో పెరుగుతోంది. ఎప్పటికైనా తిరిగి వెళ్లి, ఆ మడి చేసుకుంటూ కూతుర్ని దగ్గర పెట్టుకోవాలి. ఆమెకున్న ఆశల్లా అదొక్కటే.

మా బాల్కనీలో నూనె డబ్బాలు కోసి తోటకూర, మిరప వేసింది. ఏసీ పైపులోంచి కారే నీళ్లు మొదటి డబ్బాలో పడి, దానికి పెట్టిన చిల్లులోంచి రెండో దానికి, అక్కడినుంచి మూడో దానికి పారేవి. చివరి డబ్బాలో మొక్క ఎప్పుడూ వడిలే ఉండేది. "ఇదిగో మా శివారు భూములు" అని నేను జోకు వేశాను. ఆమె మొదటి డబ్బా మీద వేలు పెట్టి "ఇది నాది" అంది.

ఆమె వచ్చిన కొన్ని నెలలకే తండ్రి పోయాడు. వీసా పనులు ఇంకా తేలలేదు, వెళ్లడానికి లేకపోయింది. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు వంటింట్లో కేలండర్ ముందు పెన్సిల్‌తో నిలబడింది. చనిపోయిన మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఏడాది, రెండేళ్లు, చివరికి వెయ్యో రోజు, ప్రార్థనలు చేయాల్సిన రోజులన్నీ గుర్తు పెట్టుకుంది. వెయ్యో రోజుతో ఆత్మకు ఈ లోకంతో పని తీరిపోతుందని, ఆ రోజు తప్పకుండా పిల్లలందరూ ఇంట్లో ఉండాలని చెప్పింది. "అప్పుడు పంపుతాలే" అన్నాను. వెయ్యి రోజులంటే అప్పటికి ఎంతో దూరంలో ఉన్నట్టనిపించింది. రోజుకో గడిలో అంకె వేస్తూ, కేలండర్ మారినప్పుడల్లా పాతదాని చివరి అంకెను కొత్తదాని మొదటి గడిలోకి ఎక్కించేది. మా కిరాణా కొట్టు కేలండర్లు మూడు అలా నిండాయి.

రంజాన్ పండగ రోజు వాళ్లకొక ఆచారం ఉంది. ఏడాదిలో తెలిసీ తెలియక చేసిన తప్పులన్నిటికీ పెద్దల్ని, తోటివాళ్లని క్షమాపణ అడుగుతారు. ప్రతి పండక్కీ ఆమె కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, సోఫాలో కూర్చున్న నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా చెయ్యి తన నుదుటికి ఆనించుకుని, "తప్పులుంటే మన్నించండి మేడమ్" అనేది. నాకు నవ్వూ ఇబ్బందీ కలిసి వచ్చేవి. "పర్వాలేదులే" అనేదాన్ని.

2006 పండక్కి నేను అలా అన్నాక కూడా ఆమె లేవలేదు.

"మేడమ్, వచ్చే నెల వెయ్యి రోజులు. నన్ను ఊరికి పంపండి. పదిహేను రోజులు చాలు."

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. కానీ ఆ నెలలో మా గోడౌన్‌లో కొత్త కంప్యూటర్ పద్ధతి పెడుతున్నారు. ఏడాది చివరిదాకా ఎవరూ సెలవు మాటెత్తకూడదని మా ముదీర్, అంటే మేనేజర్, ముందే చెప్పేశాడు. పక్క ఫ్లాట్ మలయాళీ ఆవిడ పాపను తను చూస్తానంది. ఆవిడ ఇంట్లో చేపల వాసనకు పాప ముద్ద ముట్టదని నేనే వద్దన్నాను. మా ఆయనకు సెలవుందని తెలుసు. అడగలేదు. ఎందుకు అడగలేదంటే, నిజం చెప్పాలంటే, సంక్రాంతికి ఇండియా వెళ్లడానికి ఆ సెలవు దాచుకున్నాం.

"రెండు నెలలు ఆగు. జనవరిలో వెళ్దువుగాని, పదిహేను రోజులు కాదు, రెండు నెలలు ఉండిరా" అన్నాను, ఏదో గొప్ప ఉపకారం చేస్తున్నట్టు.

"వెయ్యి రోజులు అయిపోతుంది కదా మేడమ్."

"అయితే ఏమైంది? మా మామగారి సంవత్సరీకం అబ్బాయిలకు సెలవు దొరక్కపోతే పురోహితుణ్ణి అడిగి మార్చుకున్నాం. మనసులో ఉంటే ఎప్పుడు చేసినా ఒకటే."

ఆమె నవ్వింది. "సరే మేడమ్" అంది. కాదు అనే మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. దాన్ని ఒప్పుకోవడం కింద జమ కట్టేసుకున్నాను.

వెయ్యో రోజు శుక్రవారం పడింది. నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దుటినుంచి వండింది. గోపురంలా నిలబెట్టిన అన్నం, కొబ్బరిపాలతో కోడికూర, వేయించిన వేరుశనగలు. వాటిని డబ్బాల్లో సర్ది వాచ్‌మన్‌కి, కింద ఇస్త్రీ అబ్బాయికి, మలయాళీ ఆవిడకి ఇచ్చి వచ్చింది. సాయంత్రం ఐదింటికి వాళ్ల ఊళ్లో ప్రార్థన మొదలైతే, ఫోన్ కార్డు గీకి, తల మీద గుడ్డ కప్పుకుని, బాల్కనీలో డబ్బాల పక్కన నిలబడి వింది. లోపలికి వచ్చేటప్పటికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాన్న గుర్తొచ్చాడా?" అన్నాను. తలూపింది. నేను రెండోసారి అన్నం పెట్టించుకుని, చాలా బాగుందని మెచ్చుకున్నాను.

అన్న ప్రకారం జనవరిలో పంపాను. ఖర్జూరం పెట్టెలు, వాళ్ల అమ్మాయికి బట్టలు, దుప్పట్లు, రెండు సంచులు నింపి మరీ పంపాను. మార్చిలో కర్రపెండలం చిప్స్ పట్టుకుని వచ్చింది. డబ్బాల్లో మట్టి గుల్ల చేస్తుంటే పక్కన నిలబడి అడిగాను.

"నీ మడి చూసుకున్నావా?"

"చూశాను మేడమ్. ఇప్పుడది చిన్నన్నది."

అప్పుడు చెప్పింది. వెయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడు పొద్దున్నే పిల్లలందరూ ఊరిపెద్దతో కలిసి గట్ల మీద నడుస్తారు. ఏ ముక్క ఎవరికి కావాలో ఒక్కొక్కళ్లనూ ఆయన అడుగుతాడు. ఎవరిది వాళ్లే నోరు తెరిచి చెప్పాలి, ఒకరి బదులు ఒకరు చెప్పరు. రాని వాళ్లకు అక్కర్లేదని లెక్క.

"నేను రాలేదు. మిగిలింది నాకు. కొండ మీదది. ఖలాస్."

"ఫోన్‌లో చెప్పొచ్చుగా? మీ నాన్న నీకిస్తానన్న సంగతి అన్నకు తెలియదా?"

"తెలుసు మేడమ్. దూరంనుంచి చెప్తే పోట్లాట అవుతుంది. నా పిల్ల వాళ్ల దగ్గరే ఉంది కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీదే మండింది.

"పంపకాలున్నాయని ఒక్క ముక్క నాతో చెప్పి చావొచ్చుగా! పంపించి ఉండేదాన్ని కాదూ?"

ఆమె మట్టి చేతులు దులుపుకుంది. "వెయ్యి రోజులు కాకముందు నాన్న పొలం గురించి మాట్లాడితే, నాన్న ఎప్పుడు పోతాడా అని చూసినట్టు మేడమ్. మాట్లాడకూడదు."

చెబితే నిజంగా పంపించి ఉండేదాన్నా? ఎన్నోసార్లు వేసుకున్నాను ఈ ప్రశ్న. అవును అని గట్టిగా అనలేకపోతున్నాను. నన్ను ఎక్కువ బాధించేది అదే.

ఆ ఏడాది చివర్లో ఆమె పూర్తిగా వెళ్లిపోయింది. పాపకు స్కూలు వచ్చింది, మాకూ మనిషి అవసరం తీరింది. 2008 వేసవి సెలవుల్లో అందరూ వెళుతున్నారని మేమూ బాలికి టికెట్లు తీశాం. పాప ఊరుకోలేదు. అక్కను చూడాల్సిందేనని ఏడ్చి గోల చేస్తే, మధ్యలో రెండు రోజులు జావాకు మిగుల్చుకున్నాం. ఊరు దగ్గరపడేదాకా వాన్, వాన్ ఎక్కని చోట మూడు మోటార్ సైకిళ్లు. నేను ఎవరో ముసలాయన వెనక, ఒళ్లో సంచితో, కళ్లు మూసుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి మడులు కనిపించాయి.

వానలు లేని నెల. కింది మడులన్నీ బీటలు తీసి ఉన్నాయి. తూము దగ్గర ఒక్క మడిలోనే నీళ్లున్నాయి. అందులో ఆరుగురు ఆడవాళ్లు వంగి, వెనక్కి నడుస్తూ నాట్లేస్తున్నారు. చివర ఉన్న పొట్టి మనిషిని పాప నాకంటే ముందు పోల్చుకుంది. "అక్కా!" అని కేక పెట్టింది.

కాలువలో కాళ్లు కడుక్కుని పరుగున వచ్చింది. పాపను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. చిన్నన్న మడిలో నాట్లకు కూలికి వచ్చానని, మామూలు సంగతిలా చెప్పింది. తన భూమి చూపిస్తానని కొండ మీదికి తీసుకెళ్లింది. ఎర్రటి నేల, రాళ్లు, మోకాలెత్తు కర్రపెండలం. నీళ్లు కిందినుంచి బిందెతో మోయాలి. కాలువ కింద పుట్టినదాన్ని, చూడగానే నాకు అర్థమైపోయింది. ఆమె పక్కన నిలబడి "బాగుంది" అన్నాను.

అన్నం పెట్టింది. కూతుర్ని చూపించింది. ఆ పిల్ల ఇంకా పెద్దన్న ఇంట్లోనే ఉంటోంది. మేము బయల్దేరుతుంటే అరుగు మీద నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నేను ఆ రోజు క్షమాపణ అడగాలనే వచ్చాను. దుబాయ్‌లో విమానం ఎక్కినప్పటినుంచీ ఆ మాటలు లోపల సర్దుకుంటూనే ఉన్నాను. నోరు తెరిచేలోపు ఆమె నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. బురద గీతలు ఇంకా పోని చేతులతో నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

"ఇన్నేళ్లలో తప్పులు చేశాను మేడమ్. మీ గాజు మూత పగలగొట్టాను. పాప జారుడుబల్ల మీదనుంచి పడ్డ రోజు నేను వేరేవైపు చూస్తున్నాను. మన్నించండి."

చుట్టూ వాళ్ల వాళ్లందరూ నిలబడి చూస్తున్నారు. చిన్నన్న కూడా ఉన్నాడు. మోటార్ సైకిళ్లు స్టార్ట్ చేసి ఉన్నాయి. నా గొంతులోంచి ఏళ్ల తరబడి అలవాటైన మాటే వచ్చింది.

"పర్వాలేదులే" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. లేచి నా సంచి తనే మోసుకొచ్చి ఇచ్చింది. పొలం పోయిందామెకి. మన్నించి వచ్చింది మాత్రం నేను.