నారు గుడిసె కప్పు

ప్లాస్టిక్ షీటు చుట్ట విప్పగానే గుప్పుమనే ఆ కొత్త వాసనకు ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను. మొన్న మా పెరట్లో నారు పోసుకునే పాత గుడిసెకు కప్పు మార్చాలని మన్నాఏఖేళ్ళి బజారుకు వెళ్ళాను. మంచి షీటు ధర విని నేను వెనకడుగు వేయడం చూసి, దుకాణదారు "ఎలక్షన్ల ఫ్లెక్సులున్నయి అక్కా, అగ్గువకిస్త, కప్పుకో" అన్నాడు. ఎండ దూరని కప్పు మొలకలకెందుకయ్యా అని కసిరాను. పాపం, అతని తప్పేమీ లేదు. చవక కప్పు అన్న మాటే నాకు పడదు.

నాకు పదేళ్ళప్పుడు హళ్ళిఖేడ్‌లో మా ఇంటి వెనక అలాంటి గుడిసే ఉండేది. నాయన వెదురు బద్దలు వంచి, పైన ప్లాస్టిక్ కప్పాడు. పెద్దవాళ్ళు నడుం వంచితేనే లోపలికి పోగలరు. డిసెంబరు పొద్దుల్లో బయట మంచు కమ్మి, నోటి నుంచి పొగలు వచ్చి, ఎక్కడి నుంచో బెల్లం పాకం వాసన తేలివస్తుంటే, నేను ఆ గుడిసెలో దూరి తడిమట్టి వెచ్చదనంలో చేతులు కాచుకునేదాన్ని. మా అవ్వ, అంటే నాయన తల్లి, కట్టె పట్టుకుని తరిమేది. అందులో పెరిగేది ఆమె మిరప మరి. పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టిల్లు ధన్నూర నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. కాయ పొట్టిగా, ముడతలు పడి ఉండేది. నిప్పుల మీద కాల్చి, ఉప్పేసి నూరి జొన్నరొట్టెలో పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు, నోట్లో ఇంకో ముద్ద. అంతకు ముందటేడు ఆకుముడత తెగులుకు తోటంతా పోయి, విత్తనాల కుండలో గుప్పెడే మిగిలింది. అవ్వ ఆ గుప్పెడూ నారు పోసేసింది. "ఇది పోతే ధన్నూర పోయినట్టే నాకు" అనేది.

మొలకలు రెండాకులు వేసిన వారంలోనే, రెండు ఎండాకాలాలకు అప్పడంలా పెళుసెక్కిన పాత కప్పు ఒక్క మధ్యాహ్నపు గాలికి పీలికలైంది. కొత్తది కొనే స్తోమత లేదు. చెరుకాకు కప్పితే లోపల చీకటయి మొలకలు పాలిపోయాయి. పాత చీరలు కప్పితే మంచుకు తడిసి మొక్కల మీదే వాలాయి. అవ్వ గంటకోసారి వెళ్ళి చూసి వచ్చేది. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. చివరికి అమ్మకు ఓ ఉపాయం తట్టింది. అప్పట్లో యూరియా సంచుల లోపల తెల్లటి పల్చని ప్లాస్టిక్ కవరు ఉండేది. అమ్మ ఇల్లిల్లూ తిరిగి వాటిని అడిగి తెచ్చింది. వాటిని కోసి పరిచి, హాక్సా బ్లేడు పక్కన అంచులు పట్టి, కొవ్వొత్తి మంట చూపించి అతికించాలనుకుంది. కోయక ముందు కడగడం నా పని.

"మూడు నీళ్ళు పెట్టు. మూలలు తిప్పి కడుగు బిడ్డా" అంది అమ్మ.

ఆ మధ్యాహ్నమే చర్చిలో క్రిస్మస్ నాటకం ప్రాక్టీసు. నేను దేవదూతను. ఆలస్యమైతే ఆ వేషం ఇంకో పిల్లకు పోతుంది. ఒక్క నీళ్ళలో ముంచి, మూలలు తిప్పకుండానే కంచె మీద ఆరేసి పరుగెత్తాను.

కప్పు వేసిన రెండు రోజులు పండగే. అవ్వ తన కోడలిని మెచ్చుకోవడం అప్పుడే మొదటిసారి విన్నాను. మూడో పొద్దున ఆకుల అంచులు మాడి కనిపించాయి. లోపల కప్పుకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మొలకల మీద పడుతోంది. నేను ఒక చుక్క వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చల్లగా, చేదుగా తగిలింది. యూరియా! అప్పుడే చెప్పి ఉంటే, కప్పు దింపి కడిగితే, సగమైనా దక్కేవి. చెప్పలేదు.

"పొద్దుగాల్ల కప్పెందుకెత్తినవు? చలి గొట్టింది" అని అవ్వ అమ్మ మీద విరుచుకుపడింది. అమ్మ తల వంచుకుంది. రోజుకో వరుస వాడిపోతుంటే అమ్మను తిట్లు, నన్ను భయం తిన్నాయి. పండగనాడు తెల్లగౌను వేసుకుని నా మాటలు తప్పు లేకుండా చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తే అవ్వ మట్టిలోంచి ఆఖరి మొలకను పీకి చూస్తోంది. "ఇగ నా విత్తనాల జోలికి రాకు" అంది అమ్మతో. అసలు విత్తనాలే లేవు.

అవ్వ పోయింది. లోపలి కవరున్న యూరియా సంచులూ పోయాయి. ధన్నూరలో ఆ మిరప గురించి అడిగితే, అలాంటిది ఒకటుండేదని గుర్తున్నవాళ్ళే లేరు. ఇప్పుడందరివీ ప్యాకెట్ విత్తనాలే.

కిందటి క్రిస్మస్‌కు అమ్మ మా ఇంట్లో గరిజెలు, అంటే కజ్జికాయలు, వేయిస్తుంటే, ఉండబట్టలేక ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ గరిజె అంచు వత్తుతూనే ఉంది.

"నాకెరికే. కోసేటప్పుడు మూలలల్ల గింజలు కనపడ్డయి. ఎరువే గదా, మొలకలకు బలమైతదనుకోని నేనే అట్ల కప్పిన" అంది.

"మరి అవ్వ అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"చెప్తే, కడిగిందెవరని అడుగకపోవునా?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అమ్మ జల్లిగరిటె నా చేతికిచ్చింది.

"ఏడుపు తర్వాత. మాడుతున్నయి, తియ్యి."