తాత తుమ్ము తప్పంట

ఈ సాయంత్రం అంబత్తూరులో డ్యూటీ ముగించుకోని ఇంటికొస్తే, ఏడో క్లాసు చదివే మా మనవరాలు ఇంగ్లీషు రివిజన్ చేస్తా కూర్చోనుండాది. రేపు పరీక్ష. నోట్సు చూపించమన్నా. సిమిలీ అంట, అంటే ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చి చెప్పడం. 'సొంతంగా ఒకటి రాయండి' అని ప్రశ్న. 'మా తాత తుమ్మితే కుక్కర్ విజిలేసినట్టు ఉంటాది' అని పిల్ల చక్కగా ఇంగ్లీషులో రాసింది. నిజమే గదా, పక్కింటోళ్లు కూడా ఒప్పుకుంటారు. మిస్సు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, కింద 'సింహమంత ధైర్యం' అని రాసిపెట్టింది.

"ఏమ్మా, మీ మిస్సు నా తుమ్ము ఎప్పుడన్నా వినిందా?"

"లేదు తాతా."

"మరి తప్పని ఎట్ట చెప్పింది?"

"గైడ్‌లో లేదంట. గైడ్‌లో ఉండేదే సొంతంగా రాయాలంట."

"నువ్వు సింహాన్ని చూసినావా?"

"వండలూరు జూలో చూసినా. నిద్రపోతా ఉన్నింది."

"దాని ధైర్యం గురించా రాసేది?"

"అయ్యో వదిలెయ్ తాతా! రెండు మార్కులు పోతే అమ్మకు నువ్వు చెప్తావా?"

నోట్సు దాని చేతికే తిరిగిచ్చేసినా. ఆ పిల్ల తను రాసిన వాక్యాన్ని తనే ఇంకోసారి కొట్టేసి, సింహాన్ని పదిసార్లు రాసి బట్టీ పట్టింది. చూస్తా ఉంటే నాకు పరమ అసహ్యం వేసింది.

మా పల్లెటూరి బడిలో ఇంగ్లీషు రాలేదని మమ్మల్ని కొట్టినారు. వచ్చిందని కొట్టేయడం ఈ పొద్దే చూసినా. మీ ఇండ్లలో పిల్లలు 'సొంతంగా' రాసేది ఏ గైడ్‌లో దొరకతాదో కాస్త చెప్పండి సామీ.