దానియేలు ముఖం మీద తెల్ల రంగు

నన్ను అందరూ మెచ్చుకున్న ఒక రోజును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. తిట్టిన రోజైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ని. పత్రికలో పనిచేసినవాడికి తిట్లు అలవాటే. ఈ మెప్పు మాత్రం దిగదు. అది నాకు రావలసింది కాదు. మీరు నన్నెరగరు, నేనూ పేరు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

లాల్‌దర్వాజాలో మా వీధిలోనే నర్సింహ ఉండేవాడు. పాల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టాడు. సిపాయిగా బర్మా యుద్ధానికి వెళ్లి, ప్రాణంతో తిరిగొచ్చి, నీళ్ల శాఖలో తాత్కాలిక నౌకరీలో చేరాడు. ఒక తెల్ల సిపాయి దగ్గర కొన్న డబ్బా కెమెరాతో తీసిన ఫొటోలు ట్రంకు పెట్టె నిండా తెచ్చుకున్నాడు. వాటిలో యుద్ధం కనిపించదు. ఉల్లిగడ్డలు కోసేవాళ్లు, ఒకరికొకరు క్షవరం చేసుకునేవాళ్లు, బురదలో దిగబడిన లారీని నెడుతూ నవ్వేవాళ్లు. నౌకరీలో చేరాక కూడా తీయడం మానలేదు. కొత్త నల్లా తిప్పిన రోజు బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు, గుంతలో దిగి పైపులు వేసే కూలీలు, అందరూ అదే పెట్టెలో సిపాయిల పక్కన చేరారు.

తీసేవాడు తనే కాబట్టి తను ఏ ఫొటోలోనూ లేడు. ఒక్కదాంట్లో తప్ప. అందులో అతని భుజం మీద చెయ్యి వేసి దానియేలు నిలబడ్డాడు. సైదాబాద్ వాడు, యుద్ధంలో అతనికి ప్రాణ స్నేహితుడు. ఆ ఫొటో తీసిన కొద్ది రోజులకే జ్వరంతో అక్కడే పోయాడు. నెగటివ్‌లు వానకు పాడయ్యాయి. దానియేలుకు ఇంకో ఫొటో లేదు, తల్లి శాంతమ్మ దగ్గర కూడా లేదు. కొడుకు ముఖం బల్ల మీద లేకుండా జ్ఞాపకార్థ కూడిక జరపనని ఆమె పట్టుబట్టింది. చర్చి పెద్దలు చెప్పినా వినలేదు. ఆ ఫొటోకు అద్దం కట్టించి ఆమెకివ్వాలని నర్సింహ అనుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే నేనడిగాను. యుద్ధం ముగిసిన సందర్భంగా మా పత్రిక ప్రత్యేక సంచిక వేస్తోంది. తిరిగొచ్చిన సిపాయి బొమ్మ కావాలి. వాడుకుని భద్రంగా ఇస్తానన్నాను. ఇచ్చాడు.

ఒక కాలమ్‌లో రెండు ముఖాలు ఇమడవు. అక్కర్లేనిదాన్ని అసలు ఫొటో మీదే తెల్ల రంగుతో కప్పించి, అచ్చు వేసే రేకు బ్లాకు చేయించడం మా పద్ధతి. ఆ పని చేసే దుకాణం చార్మినార్ దగ్గర ఉండేది. రోజూ చేసే పని కాబట్టి అది ఎవరింటి ఫొటో అని ఎవరూ ఆలోచించేవాళ్లం కాదు. 'ఇతన్ని తీసెయ్యండి' అని వేలుపెట్టి చూపింది నేనే. ఫొటో తిరిగొచ్చాక చూశాను. దానియేలు ఉన్నచోట తెల్లటి ఖాళీ. నర్సింహ భుజం మీద వేళ్లు మాత్రం మిగిలాయి.

సంచిక వచ్చింది. వీధిలో బాజా మోగింది, గ్లాసుల నిండా పాలు పోసి పంచారు. బొమ్మ చూసి నీళ్ల శాఖ ఇంజనీరు నర్సింహకు నౌకరీ ఖాయం చేయించాడు. పత్రిక చేతబట్టుకుని నర్సింహ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"మస్తుగొచ్చిందన్నా! మా అమ్మ గోడకు అంటిచ్చింది. గని మా దానియేలు ఏడి?"

"కాలమ్‌ల పట్టలే నర్సింహా."

"పట్టకుంటె పాయె. ఆడు మస్తు సిగ్గుగల్లోడు, ఏమనుకోడు. ఫొటో ఇయ్యి, ఆళ్ళమ్మ ఎదురుచూస్తుంది."

"పోయింది. బ్లాకుల దుకాణంల పోయింది. దేవులాడుతున్నరు."

అతను నా భుజం తట్టాడు. "ఫికర్ చెయ్యకన్నా. నువ్వేం జేస్తవ్? దొరుకుతది."

తనే నన్ను ఓదార్చాడు. ఫొటో అప్పుడు ఆ ఇంట్లోనే, నా బల్ల సొరుగులో ఉంది.

ఎందుకలా అన్నాను? అతనికి కోపం వస్తుందనా? రాదని నాకు తెలుసు. ఆ సాయంత్రం నేను అతని జీవితాన్ని నిలబెట్టిన మనిషిని, ఆ మనిషిగానే ఉండాలనిపించింది, అంతే. అతను దుకాణానికి వెళ్లి లొల్లి పెట్టుకున్నాడు. ఎప్పుడో తిరిగిచ్చేశామని వాళ్లు చెప్పారు. వాళ్లను నమ్మలేదు. నన్ను నమ్మాడు.

మూడేళ్లు గడిచాయి. మా ఆఫీసులో కొత్తగా చేరిన చిత్రకారుడు ఒకరోజు తప్పుగా వేసిన తెల్ల రంగును తడి దూదితో తుడిచేశాడు. నేను నివ్వెరపోయి చూస్తుంటే, "నీళ్ల రంగే గద సార్, తడిపితే పోతది" అన్నాడు. అన్నేళ్లు ఆ రంగు వేయించినవాణ్ని, అది పోతుందా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటికెళ్లి తలుపేసుకుని దూది తడిపాను. ముందు నుదురు వచ్చింది. తర్వాత మీసం, తర్వాత పళ్లు. దానియేలు నవ్వుతున్నాడు! గట్టిగా కేక వేశాను.

అంతా చెప్పేద్దామనే నర్సింహ దగ్గరికి వెళ్లాను. ఫొటో చూడగానే నన్ను అమాంతం పైకెత్తాడు. "దొరికిందా! మా అన్న ఇడువడని నేజెప్పలే? ఏడ దొరికిందే?"

"దుకాణంల... పాత రేకుల కింద." నా నోరు తడబడలేదు.

సైదాబాద్‌లో కూడిక జరిగింది. అంత సంతోషంగా జరిగిన జ్ఞాపకార్థ కూడికను నేను మళ్లీ చూడలేదు. నర్సింహ పెట్టెనంతా తెచ్చి చాప మీద ఫొటోలు పరిచాడు. దానియేలు కప్పలకు జడిసి లారీ ఎక్కి పడుకున్న కథ చెబితే శాంతమ్మ పగలబడి నవ్వింది. "కప్పలకు భయపడ్డడా? ఇంట్ల పాములు పట్టెటోడు!" అక్కడున్న అందరూ నవ్వారు. తర్వాత ఆమె లేచి నా మెడలో దండ వేసింది. "ఈ బిడ్డ పుణ్యాన నా కొడుకు మొహం సూసిన" అంది. చప్పట్లు మోగాయి. నేను తల వంచి దండం పెట్టాను.

చెబితే ఆ సంతోషం చెడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజంగా నేను కాపాడింది ఆమె సంతోషాన్నేనా? కాదు. నా పేరును. కొడుకు ముఖం లేకుండా ఆ తల్లి కూర్చున్న మూడేళ్లూ నేను చేసినవే, వాటికి ఆమె నాకు దండ వేసింది. నర్సింహ, శాంతమ్మ ఇద్దరూ అలాగే నమ్మి కన్నుమూశారు. ఇక క్షమించేవాళ్లు లేరు, అడిగే అర్హతా నాకు లేదు.

దుకాణం వాళ్లు చెప్పిందే నిజం. ఫొటో ఎప్పుడో తిరిగిచ్చారు. తీసుకున్నది నేను. దాచింది నేను.